"జపాన్‌లో ఒక్క జీవోతో ఊళ్ళు కలిపేశారు" అన్న పోస్టులో ఏది నిజం, ఏది కాదు

జపాన్ గురించి ఒక పోస్టు తెగ తిరుగుతోంది. మన దగ్గర కొత్త జిల్లాల మీదో, మున్సిపాలిటీల విలీనం మీదో చర్చ మొదలైతే చాలు, ఎవరో ఒకరు దాన్ని తెచ్చి పెడుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: "జపాన్ ప్రభుత్వం ఒక్క జీవోతో 3,232 ఊళ్ళను 1,727కి తగ్గించింది. పనికిరాని జిల్లాలను రద్దు చేసింది. జనం నోరెత్తలేదు. ఖర్చు తగ్గింది, పల్లెలు బాగుపడ్డాయి."

అంకెలు రెండూ నిజమే. 1999 మార్చిలో అక్కడ నగరాలు, పట్టణాలు, గ్రామాలు కలిపి 3,232 ఉండేవి, 2010 మార్చి చివరికి 1,727 మిగిలాయి. మిగతా మాటలన్నీ విడివిడిగా చూడాల్సినవి. నేను హిరోషిమా ప్రిఫెక్చర్‌ను (ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిది) పట్టుకుని చెప్తాను, ఎందుకంటే 86 ఊళ్ళు 23 అయిపోయిన చోటు అది, ఈ విలీనాలు అంత గట్టిగా జరిగిన ప్రిఫెక్చర్లు దేశంలో కొన్నే ఉన్నాయి. మొదట్లో అక్కడ ఆరు గ్రామాలుండేవి, ఇప్పుడు చట్టప్రకారం గ్రామం అనేది ఆ ప్రిఫెక్చర్‌లో ఒక్కటి కూడా లేదు.

"ఒక్క జీవోతో" అన్నది పూర్తిగా తప్పు. అలా జీవో ఇచ్చి ఊళ్ళు కలిపే అధికారం అక్కడి కేంద్రానికి లేదు. కలవాలనుకున్న ప్రతి ఊరి కౌన్సిలూ విడిగా తీర్మానం చేయాలి, తర్వాత ప్రిఫెక్చర్ గవర్నర్‌కు (అక్కడ గవర్నర్‌ను జనమే ఎన్నుకుంటారు) దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రిఫెక్చర్ అసెంబ్లీ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే గవర్నర్ నిర్ణయం. మరి అందరూ ఇష్టపడే కలిశారా అంటే అదీ కాదు. కేంద్రం ఒక చేత్తో బెల్లం చూపించింది, ఇంకో చేత్తో బెత్తం పట్టుకుంది. విలీనమైన ఊరు భవనాలకీ రోడ్లకీ అయ్యే ఖర్చులో 95 శాతం వరకు ప్రత్యేక బాండ్లతో అప్పు తెచ్చుకోనిచ్చింది, ఆ అప్పు తీర్చేటప్పుడు 70 శాతాన్ని తాను స్థానిక సంస్థలకు పంచే నిధుల్లో లెక్కగట్టి ఇస్తానంది. నగరం హోదా రావాలంటే మామూలుగా 50 వేల జనాభా కావాలి, కలిసేవాళ్ళకు దాన్ని 30 వేలకు దించారు. ఇదంతా 2005 మార్చి చివరిలోపు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకే అన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2004 నుంచి, ప్రధాని కొయిజుమి ప్రభుత్వం స్థానిక సంస్థలకు పంచే నిధుల్లో కోత పెట్టింది. పన్నులు కట్టే యువకులు వెళ్ళిపోయి ముసలివాళ్ళే మిగిలిన ఒక కొండ ఊరి మేయర్‌గా మిమ్మల్ని ఊహించుకోండి, వచ్చే ఏడాది బడ్జెట్ ఎలా వేయాలో తెలీదు, పక్కన గడువు దగ్గరపడుతోంది. హిరోషిమాలో విలీనాలతో కొత్త ఊళ్ళు పుట్టిన తేదీలు చూస్తే ఆ టెన్షన్ కనిపిస్తుంది: అకితకత 2004 మార్చి, సేరా అక్టోబర్, జిన్‌సెకికోగెన్, ఎతజిమా నవంబర్, షోబారా 2005 మార్చి 31. షోబారా పుట్టింది సరిగ్గా గడువు చివరి రోజున.

ఇక "జిల్లాలను రద్దు చేసింది." ఈ తప్పు అనువాదంలో పుట్టింది. జపాన్‌లో 'గున్' అని ఒకటుంది, ఇంగ్లీషులో దాన్ని డిస్ట్రిక్ట్ అంటారు, దాంతో మనవాళ్ళు జిల్లా అనేశారు. జిల్లా అనగానే మనకు కలెక్టరు, కలెక్టరేటు, ఎస్పీ గుర్తొస్తారు. గున్‌కు అవేవీ లేవు. దాని పాలనాధికారం 1923లోనే పోయింది, ఆఫీసులు 1926లో ఎత్తేశారు. అంటే ఈ విలీనాలు మొదలయ్యేనాటికే దాదాపు ముప్పావు శతాబ్దంగా గున్ అనేది చిరునామాలో రాసుకునే పేరు మాత్రమే. మన దగ్గర 1985లో మండలాలు వచ్చాక కూడా పెద్దవాళ్ళు "మాది ఫలానా తాలూకా" అంటారు కదా, దానికి దగ్గర.

పైగా గున్‌లో పట్టణాలూ గ్రామాలే ఉంటాయి, నగరం ఉండదు. అందుకే పట్టణాలు కలిసి నగరమైతే గున్ దానంతటదే చిక్కిపోతుంది, ఎవరూ ప్రత్యేకంగా రద్దు చేయక్కర్లేదు. తకతా గున్‌లోని ఆరు పట్టణాలూ కలిసి అకితకత నగరమయ్యాయి, ఆ రోజుతో తకతా గున్ లేదు. సేరా గున్‌లో ఇప్పుడున్నది సేరా అనే ఒక్క పట్టణం. కోను గున్ కథ ఇంకా బాధగా ఉంటుంది: అందులో మిగిలిన మూడు పట్టణాలు మూడు దిక్కులకు పోయాయి, జోగే ఫుచూ నగరంలోకి, కోను మియోషిలోకి, సోర్యో షోబారాలోకి. ఇప్పుడు హిరోషిమాలో మిగిలింది ఐదు గున్‌లు.

"జనం నోరెత్తలేదు" అన్నవాళ్ళు హిరోషిమా మ్యాప్ ఒక్కసారి తెరవండి. హిరోషిమా నగరం మధ్యలో, నాలుగు వైపులా ఆ నగరమే చుట్టుకుని, ఫుచూ అనే పట్టణం ఉంది (ఇందాక చెప్పిన ఫుచూ నగరం వేరు, అది తూర్పున ఉంది). మాజ్దా కార్ల కంపెనీ ప్రధాన కార్యాలయం ఆ పట్టణంలోనే. జనాభా 50 వేలు దాటింది. అయినా కలవలేదు, ఇప్పటికీ విడి పట్టణమే. ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో యమత్సూరి అనే చిన్న పట్టణం 2001 అక్టోబర్‌లోనే "మేం ఎవరితోనూ కలవం" అని కౌన్సిల్‌లో తీర్మానం చేసి దేశమంతటికీ చెప్పింది, తర్వాత కౌన్సిలర్ల నెల జీతాలు తీసేసి హాజరైన రోజుకే డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టుకుని మరీ నిలబడింది. నగానో ప్రిఫెక్చర్‌లో హిరాయా అనే గ్రామం 2003లో విలీనం మీద ఓటింగ్ పెట్టి బడి పిల్లలకు కూడా ఓటు ఇచ్చింది, రేపు అక్కడ బతకాల్సింది వాళ్ళే కదా. దేశంలో ఇలాంటి ఓటింగ్‌లు వందల్లో జరిగాయి.

ఖర్చు సంగతి. మేయర్లు, కౌన్సిలర్లు తగ్గారు, ఆ జీతాలు మిగిలాయి, అది ఒప్పుకోవాలి. కానీ విలీనమైన ఊరికి పదేళ్ళ దాకా పాత ఊళ్ళు విడివిడిగా ఉన్నట్టే లెక్కగట్టి కేంద్రం నిధులిచ్చింది, తర్వాత ఐదేళ్ళలో మెల్లగా తగ్గించింది. ఆ పదేళ్ళలో బాండ్ల డబ్బుతో హాళ్ళూ భవనాలూ కట్టుకున్న ఊళ్ళకు అసలు బిల్లు ఆ తర్వాత వచ్చింది. హ్యోగో ప్రిఫెక్చర్‌లోని ససయామా 1999 ఏప్రిల్‌లో నాలుగు పట్టణాలు కలిసిన నగరం, ఈ దఫా విలీనాల్లో మొట్టమొదటిది, అందరూ చూసొచ్చిన నమూనా. జనాభా 60 వేలకు పెరుగుతుందని ఆశపడి కట్టారు, పెరగలేదు, తర్వాత అప్పులతో చాలా అవస్థ పడింది. కేంద్రం కూడా 2010లో చట్టం మార్చి విలీనాలను ప్రోత్సహించడం ఆపేసింది. పోస్టులో ఈ ముక్క ఎందుకు లేదు?

"పల్లెలు బాగుపడ్డాయి" అన్నచోట నాకు నిజంగా కోపం వచ్చింది. షోబారా విస్తీర్ణం సుమారు 1,246 చదరపు కిలోమీటర్లు. జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు మన హైదరాబాద్ ఎంతుందో దానికి దాదాపు రెట్టింపు. అంత చోట్లో 2005లో 43 వేల మంది, 2020 జనగణనకు 34 వేల లోపు. జనం తగ్గింది విలీనం వల్లేనని నేను అనను, కలవని ఊళ్ళలోనూ తగ్గుతూనే ఉన్నారు. కానీ విలీనం దాన్ని ఆపలేదు, ఆపుతుందనే కదా పోస్టు చెప్పేది. పాత పట్టణ కార్యాలయం ఇప్పుడు శాఖ మాత్రమే, నిర్ణయాలన్నీ నగర కేంద్రంలో. షోబారాలో కలిసిపోయిన, మంచు ఎక్కువ పడే తకనో లాంటి చోట చలికాలంలో ఆ దూరం ఎంతో ఒక్కసారి ఆలోచించండి.

కోను పట్టణం గురించి ఇంకొక మాట. రెండో ప్రపంచయుద్ధంలో లోహం కోసం ప్రభుత్వం తీసుకెళ్ళిన ఆ ఊరి గుడి గంట చివరికి అమెరికాలో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పెట్టిన కార్టర్ సెంటర్‌కు చేరింది, ఆ గంట కోసం కార్టర్ 1990లో కోను వచ్చారు, ఆయన పేరుతో అక్కడ ఒక భవనం కూడా కట్టారు. ఒక మాజీ అమెరికా అధ్యక్షుడిని తన దగ్గరికి రప్పించుకున్న ఆ పట్టణానికి ఇప్పుడు సొంత మేయర్ లేడు, సొంత కౌన్సిల్ లేదు, మియోషి నగరంలో ఒక ప్రాంతం అది.