'రూల్ ఆఫ్ థంబ్' భార్యను కొట్టే చట్టం నుంచి పుట్టిన మాట కాదు

ఇంగ్లండ్‌లో ఒకప్పుడు భర్త తన బొటనవేలి కన్నా లావు లేని కర్రతో భార్యను కొట్టవచ్చని చట్టం ఉండేదని, 'రూల్ ఆఫ్ థంబ్' ('బొటనవేలి సూత్రం', అంటే ఉజ్జాయింపు లెక్క) అనే ఇంగ్లీషు పలుకుబడి దాని నుంచే పుట్టిందని, అందువల్ల ఆ మాట వాడడమే తప్పని చెప్పే సందేశం విస్తృతంగా ప్రచారంలో ఉంది. దాని వెనుక ఉన్న ఆవేదన న్యాయమైనదే గాని, చెబుతున్న చరిత్ర నిజం కాదు.

మొదట చట్టం సంగతి. 1760లలో ఇంగ్లండ్ న్యాయశాస్త్రాన్ని వివరించిన విలియం బ్లాక్‌స్టన్, భార్యను మితంగా దండించే అధికారాన్ని పాత చట్టం భర్తకు ఇచ్చిందని, రాజు రెండవ చార్లెస్ కాలం నుంచి ఆ అధికారాన్ని శంకించసాగారని రాశాడే తప్ప, అక్కడ బొటనవేలి ఊసు లేదు.

ఇక రెండవ ఆధారంగా చూపేది న్యాయమూర్తి ఫ్రాన్సిస్ బుల్లర్‌ను. బొటనవేలి లావు కర్రతో భార్యను కొట్టవచ్చని ఆయన అన్నాడన్న వదంతి మీద 1782లో జేమ్స్ గిల్‌రే ఆయనను కర్రలు అమ్ముకునే 'జడ్జి థంబ్'గా వ్యంగ్యచిత్రం గీశాడు. బుల్లర్ అలాంటి తీర్పు ఇచ్చినట్టు నమోదు ఏదీ దొరకలేదు. ఒకవేళ అని ఉన్నా, ఈ పలుకుబడి అప్పటికే పాతది: 1692లో విలియం హోప్ కత్తిసాము గురించి రాసిన పుస్తకంలో, శాస్త్రం నేర్వకుండా ఉజ్జాయింపుగా పోరాడేవాడి గురించి ఈ మాటనే వాడాడు. తొంభై ఏళ్ల తరువాతి మాట దీనికి మూలం ఎలా అవుతుంది?

అర్థం కూడా దెబ్బల వైపు కాదు, కొలతల వైపే చూపుతుంది. ఫ్రెంచిలో 'పూస్' అన్నా, డచ్చిలో 'డౌమ్' అన్నా బొటనవేలూ అంగుళమూ రెండూనూ. బెత్తెడు, జానెడు, మూరెడు అంటూ చేతినే కొలబద్ద చేసుకున్న తెలుగువారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మన అంగుళమే వేలి నుంచి వచ్చింది.

అయితే బొటనవేలి లావు కర్ర అనే నమ్మకం అమెరికా కోర్టులకు పాకిన మాట నిజం, అది దాచకూడదు. 1868లో ఉత్తర కరోలినాలో భార్యను మూడు దెబ్బలు కొట్టిన వ్యక్తిని, బెత్తం బొటనవేలి కన్నా సన్నమని కింది కోర్టు వదిలేసింది. పై కోర్టు ఆ కొలతను అంగీకరించలేదు. కానీ స్వల్ప గాయాలకు సంసారాల్లో జోక్యం చేసుకోబోమంటూ అదే తీర్పును నిలబెట్టింది. ఆ తీర్పులో 'రూల్ ఆఫ్ థంబ్' అన్న మాట లేదు. కొట్టినవాడికి మాత్రం శిక్ష పడలేదు.