ముందు సబ్బుతో కడగండి బాబూ!

మొన్న రాత్రి మా బావ ఒక వీడియో పంపించాడు. ఎవరో పసుపెక్కిన పాత గేమ్ పెట్టె ఫ్రేముకి తెల్ల క్రీము పూసి ఎండలో పెట్టాడు, సాయంత్రానికి మల్లెపువ్వులా బయటికి తీశాడు. దాని కింద మా బావ మాట: "ఏటిరా, నువ్వు రెండేళ్ళ నుంచి ఆ పెట్టెతో కుస్తీ పడతన్నావు, ఇతనెవరో ఒక్కపూటలో చేసీసినాడు!"

ఒళ్ళు మండింది. ఇలాంటి వీడియోలన్నీ ఆ సాయంత్రం దగ్గరే ఆగిపోతాయి. రెండేళ్ళ తర్వాత అదే ఫ్రేము ఏ రంగులో ఉందో ఒక్కడూ చూపించడు. నేను చెప్తాను, ఎందుకంటే అలాంటి ఫ్రేము మా ఇంట్లోనే ఉంది.

శ్రీకాకుళంలో మా చిన్నప్పుడు ఒక సందులో వీడియో గేమ్ షాపు ఉండేది. రూపాయి బిళ్ళ వేసి ముస్తఫా ఆడేవాళ్ళం. క్యాప్‌కామ్ వాళ్ళు 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. పసుపు చొక్కావాడి పేరు ముస్తఫా కాబట్టి ఆటంతా ముస్తఫాయే. షాపు ఎప్పుడో మూతపడింది, పెట్టె మాత్రం పాత సామాన్ల కొట్టులో దొరికింది. ప్లైవుడ్డు, పైన సన్‌మైకా, లోపల పిక్చర్ ట్యూబు. తెర చుట్టూ ఒకప్పుడు తెల్లగా ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము. చేతులు పెట్టే పలక మీద బొమ్మలు అచ్చేసిన పారదర్శక షీటు. అన్నీ ముదురు పసుపు, కొన్నిచోట్ల బెల్లం రంగు.

నేను చేసిన మొదటి తప్పు, కడగకపోవడం. అసలు ఆ పసుపులో ఎంత ప్లాస్టిక్‌ది, ఎంత పైన పేరుకున్నది అని ఆలోచించనే లేదు. ఆ షాపులో పెద్ద కుర్రాళ్ళు బీడీలూ సిగరెట్లూ కాల్చుకుంటూ ఆడేవారు, ఓనరు పొద్దున్నే అగరొత్తులు గుచ్చేవాడు, పక్కనే బజ్జీల బండి. ఆ పొగా, నూనె జిడ్డూ అన్నేళ్ళు పట్టి ఉంటే రంగు మారకేం చేస్తుంది? తర్వాతెప్పుడో బుద్ధొచ్చి బటన్లు ఊడదీసి, గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నీళ్ళు టీ డికాక్షన్‌లా దిగాయి. సగం పసుపు అక్కడే పోయింది. ఏ మందూ లేదు, ఎండా లేదు.

మిగిలిన సగమే అసలు రోగం. ఇలాంటి ఫ్రేములు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తారు. ఆక్రిలోనైట్రైల్, బ్యూటాడైఈన్, స్టైరీన్, ఈ మూడూ కలిసినది. ఇందులో బ్యూటాడైఈన్ రబ్బరు లాంటిది, దెబ్బ తగిలినా పగలకుండా కాపాడేది అదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకీ, వేడికీ, గాలిలోని ఆక్సిజన్‌కీ ముందుగా లొంగిపోయేదీ అదే. అది ఆక్సీకరణ చెందితే పుట్టే పదార్థాలు నీలి కాంతిని మింగేస్తాయి, అందుకే మన కంటికి పసుపు కనిపిస్తుంది. అంటే ఇది పైన పట్టిన మరక కాదు, ప్లాస్టిక్కే పైపొరలో మారిపోయింది. ఎంత రుద్దినా పోనిది అందుకే.

దీనికి 2008లో పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్న కొందరు ఒక ఉపాయం కనిపెట్టి రెట్రోబ్రైట్ అని పేరు పెట్టారు. హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి, వీటికి తోడు బట్టల మరకలు పోగొట్టే ఆక్సిజన్ పొడి కొంచెం. పెరాక్సైడ్ ఆ పసుపు పదార్థాలను విరిచేస్తుంది, రంగు పోతుంది. నిజంగానే పోతుంది, ఆ మాట నేను కాదనను. కానీ ప్లాస్టిక్ అంటే పొడవాటి అణువుల గొలుసులు, పసుపెక్కేటప్పుడు లోపల తెగిపోయిన ఆ గొలుసులు మళ్ళీ అతుక్కోవు. రంగు తెల్లబడుతుంది, ప్లాస్టిక్ మాత్రం ముసలిదే. జుట్టుకి రంగేస్తే మోకాళ్ళ నొప్పి తగ్గుతుందా?

ఇక నా ఘనకార్యం. మే నెల, మిట్టమధ్యాహ్నం, మేడమీద. సెలూన్లవాళ్ళు జుట్టు రంగుకి వాడే 40 వాల్యూమ్ క్రీము తెచ్చాను. అంటే 12 శాతం పెరాక్సైడ్. చేతికి తొడుగు లేకుండా ముట్టుకుంటే చర్మం సున్నం పూసినట్టు తెల్లబడి మండుతుంది, అదీ ఆరోజే తెలిసింది. ఫ్రేముకి క్రీము పూసి, ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టాను. కాగితం కింద బుడగలు. బుడగ ఉన్నచోట క్రీము అంటలేదు, లేనిచోట అంటింది. సాయంత్రానికి ఫ్రేము ఆవు ఒంటి మీది మచ్చల్లా తయారైంది. మా అమ్మ చూసి, "బాగానే ఉండేది కదురా, ఎందుకు పాడు చేసీసినావు?" అంది.

మళ్ళీ చేసినప్పుడు క్రీము జోలికి పోలేదు. మందుల షాపులో దొరికే 6 శాతం ద్రావణం, అంటే 20 వాల్యూమ్, టబ్బులో పోసి ముక్క మొత్తం మునిగేలా పెట్టి, గంటకోసారి తిప్పాను. మచ్చలు సర్దుకున్నాయి. ఎవరైనా చేస్తే ఇలాగే చేయండి, స్క్రూలూ స్ప్రింగులూ ముందే తీసేయండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, టబ్బుకి మూత మాత్రం బిగించకండి. పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, మూత ఎగిరి మీదకొస్తుంది.

పసుపు పట్టించిందీ ఎండే, తీసిందీ ఎండే. అరసవిల్లి పక్కనే పుట్టి పెరిగి సూర్యుడి గురించి ఇంత ఆలస్యంగా తెలుసుకున్నాను.

అసలు బాధ పలక మీది షీటుది. ఫ్రేము తెల్లబడిన ఉత్సాహంలో దాన్నీ అదే టబ్బులో ముంచాను. అది పాలికార్బొనేట్, ఏబీఎస్ కాదు. కారు హెడ్‌లైట్లు పసుపెక్కి మసకబారడం చూసే ఉంటారు, అదే జాతి. దాని పసుపు పెరాక్సైడ్‌కి లొంగదు. హెడ్‌లైట్లకైతే తడి ఎమరీ కాగితంతో పైపొర గీకి పాలిష్ పెడతారు, ఆటపలకకి అలా చేస్తే చేతికి తగిలే గరుకు పోతుంది. నా షీటుకి పసుపు పోలేదు సరికదా, అంచుల్లోంచి నీళ్ళు వెనక్కి పోయి అక్కడ అచ్చేసిన బొమ్మ పొరలుగా లేచిపోయింది. ఆ ముక్క మళ్ళీ దొరకదు. ఏ ప్లాస్టిక్కో తెలుసుకోకుండా "అన్నిటికీ ఇదే మందు" అని చెప్పేవాళ్ళ మీద నా కోపం ఇక్కడ మొదలైంది. ఇంకొకాయన నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవమన్నాడు, అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగిపోతుంది, మహానుభావుడు.

ఇప్పుడు రెండేళ్ళ సంగతికి వస్తాను. ఆరు తెల్ల బటన్లలో మూడింటికి మందు పట్టించి, మూడు సబ్బుతో కడిగి వదిలేశాను. పెట్టె ఉన్న గది మీద రేకులు, వేసవిలో కొలిమే. మొదటి ఏడాది తేడా దూరం నుంచే తెలిసేది. ఇప్పుడు మా అమ్మాయిని పిలిచి ఏవి తెల్లవో చెప్పమంటే, రెండు సరిగ్గా చెప్పి మూడోదాని దగ్గర తప్పింది. ఫ్రేము కూడా మీగడ రంగుకి తిరిగింది. పసుపు మళ్ళీ వస్తుంది. మళ్ళీ తీయొచ్చు, మళ్ళీ వస్తుంది. ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లు పైపొర దెబ్బతింటుంది.

అందుకే నేను ఆపేశాను. కడుగుతాను, ఆరబెడతాను, కిటికీకి దూరంగా పెడతాను, అంతే. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇంకొంచెం తెల్లగా ఉంటే బాగుణ్ణు" అంటారు. వాళ్ళకి ఒక ఆట వేసిస్తే మూడు నిమిషాల్లో రంగు సంగతి మర్చిపోయి ముస్తఫా కోసం కొట్టుకుంటున్నారు. మా బావ కూడా అంతే, పోయిన సంక్రాంతికి వచ్చి భోజనానికి పిలిచినా లేవలేదు.

శ్రీకాకుళం చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పాత గేమ్ పెట్టె పలక మీది షీటు ఉంటే పారేయకండి, నాకు కావాలి. పసుపెక్కినా పర్వాలేదు. దయచేసి కడగకుండానే ఇవ్వండి.