షెల్ షాక్ సినిమా తీయబోయేవారికి కొన్ని సూచనలు

యుద్ధ సినిమా అంటే కోట్లతో పని. ట్యాంకులు కావాలి, గుర్రాలు కావాలి, బురద కావాలి, ఆ బురదలో పడి లేవడానికి రోజుకూలీ మీద వెయ్యిమంది కావాలి. అంత పెట్టుకోలేని నిర్మాతకు దేవుడిచ్చిన వరం షెల్ షాక్ సినిమా, అంటే యుద్ధానికి మనసూ నరాలూ దెబ్బతిన్న సిపాయి కథ. ఒక పాత బంగళా, ఇరవై ఇనుప మంచాలు, ఒక కళ్లజోడు డాక్టరు దొరికితే చాలు. యుద్ధమంతా సిపాయి కళ్లలో చూపించేయొచ్చు. కళ్లకు అద్దె కట్టక్కర్లేదు.

ఇంత చవకైన కళారూపం సరైన మార్గదర్శకత్వం లేక పాడైపోతోందన్న బాధతో ఈ నాలుగు మాటలు.

ముందుగా తేల్చుకోవాల్సింది రోగి హోదా. మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ డాక్టర్ల లెక్కలో జబ్బుకు కూడా ర్యాంకు ఉండేది. ఆఫీసరుకైతే ఆందోళన, పీడకలలు, మహా అయితే నత్తి. మామూలు సిపాయికైతే మాట పడిపోవడం, కాళ్లు చచ్చుబడటం, చూపు పోవడం. పెద్ద బడుల్లో చదివినవాడు భయాన్ని లోపలే నొక్కిపట్టడం నేర్చుకుని ఉంటాడు కాబట్టి అతనికి అలా, చదువు లేనివాడికి ఇలా అని వివరణ కూడా ఇచ్చారు. వైద్యమూ దాన్నిబట్టే. ఆఫీసరుతో కూర్చుని మాట్లాడేవారు, సిపాయికి తరచుగా కరెంటు పెట్టేవారు. కనుక ఆఫీసరు కథ తీస్తుంటే మంచి మాటల రచయితను పెట్టుకోండి. సిపాయి కథయితే ఎలక్ట్రీషియన్ సరిపోతాడు. దుస్తుల దగ్గర కూడా జాగ్రత్త. ఆస్పత్రి నీలి దుస్తులూ ఎర్ర టై సిపాయిలకే. ఆఫీసరు తన యూనిఫారంలోనే పిచ్చివాడు కావాలి.

ఆఫీసర్ల కథకు ఎడింబరో దగ్గరి క్రెయిగ్‌లాకార్ట్‌ను మించిన చోటు లేదు. అంతకుముందు అది స్నానాలతో జబ్బులు తగ్గించే విడిది. 1916 అక్టోబరు నుంచి నరాలు దెబ్బతిన్న ఆఫీసర్ల ఆస్పత్రి. అక్కడి డాక్టర్ రివర్స్ అంటే సినిమావాళ్లకు ప్రాణం. మెత్తగా మాట్లాడతాడు, ఓపికగా వింటాడు, పైగా ఆయనకూ నత్తి. ఈ వినడం ఆయన నేర్చింది కొంత మన పక్కనే. 1901-02లో ఊటీ కొండల మీద తోడా గిరిజనుల మధ్య మకాం వేసి, ఎవరు ఎవరికి ఏమవుతారో వంశావళులు రాసుకున్నాడు. తోడాల అదృష్టం, విన్న తర్వాత వాళ్లను ఎక్కడికీ తిప్పి పంపే బాధ్యత ఆయనకు లేదు.

ఆస్పత్రిలో మాత్రం ఆ బాధ్యత ఉంది. 1917 జులైలో ససూన్ అనే కవి, శౌర్యానికి పతకం పొందిన ఆఫీసరు, ఈ యుద్ధాన్ని కావాలనే సాగదీస్తున్నారని ప్రకటన రాశాడు. ఆ నెల 30న దాన్ని పార్లమెంటులోనూ చదివారు. సైనిక కోర్టులో నిలబెడితే గొడవ పెద్దదవుతుంది. మెడికల్ బోర్డు ముందు నిలబెడితే అది జబ్బవుతుంది. బోర్డే నయమనుకున్నారు. క్రెయిగ్‌లాకార్ట్‌కు పంపారు. మందు: వారానికి మూడు సాయంత్రాలు రివర్స్‌తో సంభాషణ. నవంబరు కల్లా గుణం కనిపించింది. రోగి తనంతట తానే తిరిగి యుద్ధానికి వెళ్తానన్నాడు. వెళ్లాడు. 1918 జులైలో సొంత పక్షపు తూటాయే పొరపాటున తలకు తగిలింది. అదే ఆస్పత్రిలో డాక్టర్ బ్రాక్ చేతికింద ఉన్న ఓవెన్ అనే మరో కవికి పని చేయించడమే చికిత్స. ఆస్పత్రి పత్రికకు ఎడిటర్ని చేశారు. అతనికీ నయమైంది. 1918 నవంబరు 4న కాలువ దాటుతుండగా తూటా తగిలి పోయాడు. చావు టెలిగ్రాం ఇంటికి చేరింది నవంబరు 11న, యుద్ధం ఆగిన రోజున. వైద్య రికార్డుల ప్రకారం ఇద్దరూ కోలుకున్నవారే.

దర్శకులు ఇక్కడ కన్నీళ్లు పెట్టించే ప్రయత్నం చేస్తారు. తప్పు. చికిత్స విజయవంతమైన సన్నివేశంలో విషాద సంగీతం ఎందుకు?

సిపాయి కథకు లండన్ క్వీన్ స్క్వేర్ ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టర్ లూయిస్ యెలాండ్ తన కేసులను 1918లో పుస్తకంగానే అచ్చేశాడు కాబట్టి స్క్రీన్‌ప్లే ఖర్చు కూడా మిగులుతుంది. అందులో ఒక రోగి కథ చూడండి. అతనికి 24 ఏళ్లు. మోన్స్ నుంచి లూస్ దాకా పెద్ద పోరాటాలన్నీ చూసి, చివరికి గ్రీసులోని సలోనికాలో ఎండదెబ్బకు పడిపోయి లేచాడు. లేచాక మాట లేదు. తొమ్మిది నెలలుగా లేదు. అప్పటికే కుర్చీకి కట్టేసి మెడకూ గొంతుకూ కరెంటు పెట్టారు, నాలుక కొసన వెలిగించిన సిగరెట్టు ఆనించారు, నోట్లో వేడి పలకలు పెట్టారు. ఫలితం లేదు. యెలాండ్ అతన్ని చీకటి గదిలోకి తీసుకెళ్లి, తలుపు తాళం వేసి, మునుపటిలా మాట్లాడేదాకా ఇక్కణ్నుంచి కదలవని చెప్పి, గొంతు వెనక భాగాన ఎలక్ట్రోడు పెట్టాడు. ముందు గుసగుస వచ్చింది, తర్వాత అక్షరాలు, ఆ తర్వాత మాటలు. మొత్తం నాలుగు గంటలు.

ఇందులో సాంకేతిక వివరం ఒకటి ఎక్కువమంది దర్శకులు వదిలేస్తారు. మాట వచ్చేసరికి ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. అక్కడ కరెంటు పెడితే వణుకు కుడిచేతిలోకి పోయింది. అక్కడ పెడితే ఎడమకాలికి, ఆ తర్వాత కుడికాలికి. లక్షణాన్ని వెళ్లగొడుతున్నారు తప్ప భయం ఎక్కడి భయం అక్కడే ఉంది, అది ఖాళీగా ఉన్న అవయవం వెతుక్కుంటోంది. శరీరంలో అవయవాలు అయిపోయాయి కాబట్టి ఆగింది. చివర్లో రోగి డాక్టరుకు కృతజ్ఞతలు చెప్పినట్టు పుస్తకంలో ఉంది. ఈ ముక్క మాత్రం తప్పకుండా పెట్టండి, తాళం చెవి డాక్టరు జేబులో ఉన్నట్టు ఒక క్లోజప్ పడితే భావం పూర్తవుతుంది.

షూటింగ్ పద్ధతి విషయంలో మనకు గురువు డాక్టర్ ఆర్థర్ హర్స్ట్. 1917-18లో నెట్లీ ఆస్పత్రిలోనూ, డెవన్‌లోని సీల్ హేన్‌లోనూ (వ్యవసాయ కళాశాలను ఆస్పత్రి చేశారు) ఆయన తన రోగుల మీద మూగ సినిమా తీయించాడు. నడుము ఒంగిపోయినవాడు, కాళ్లు తాళ్లలా మెలిపడేవాడు, ఎవరేమన్నా వినబడక 'బాంబులు' అన్న మాటకు మాత్రం మంచం కిందికి దూరేవాడు. ఆ వెంటనే టైటిల్ కార్డు, ఆ వెంటనే అదే మనిషి గడ్డి పోగేస్తూ, పరిగెడుతూ. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తర్వాతి చరిత్రకారులు లాగితే బయటపడింది ఏమంటే, కొన్ని 'ముందు' దృశ్యాలు తర్వాత తీసినవి. నయమైనవాణ్ని పిలిచి, నువ్వు అప్పుడెలా నడిచేవాడివో ఒకసారి నడిచి చూపించవయ్యా అన్నారు. పాపం నడిచి చూపించాడు. వ్యాధి నటన కావచ్చని సైన్యం అనుమానపడే రోజుల్లో, వ్యాధి తగ్గినట్టు రుజువు చేయడానికి రోగి చేత వ్యాధిని నటింపజేయడం ఏ స్క్రిప్టు రచయితకూ తట్టే మలుపు కాదు. అంతటితో ఆగలేదు. సినిమా ముగింపులో ఒక ఉత్తుత్తి యుద్ధం ఉంది. దర్శకత్వం, ఫోటోగ్రఫీ, నటన అన్నీ కోలుకుంటున్న రోగులవే. పొగ, పరుగులు, పడిపోవడాలు. జూనియర్ ఆర్టిస్టులకు అనుభవం ఉందో లేదో వెతుక్కోవాల్సిన పని లేదు.

కాగితాల సన్నివేశం ఒకటి పెడితే సినిమాకు గౌరవం వస్తుంది. పక్కనే ఫిరంగి గుండు పేలడం వల్ల దెబ్బతిన్నాడని తేలితే చీటీ మీద 'డబ్ల్యూ'. అంటే గాయపడినవాడు: చొక్కా చేతికి గాయపు చార, ముందుముందు పెన్షను. గుండు దగ్గర పడకుండానే వణికితే 'ఎస్'. అంటే జబ్బుపడ్డవాడు: చారా లేదు, పెన్షనూ లేదు. గుండు ఎన్ని గజాల్లో పడిందో రోగికి తెలియదు, డాక్టరు చూడలేదు. 1917 జూన్ తర్వాత ఆ మనిషి పటాలానికి ఫారం పంపి, అవును, ఇతగాడి దగ్గర గుండు పడింది అని పైఅధికారి రాసిచ్చేదాకా జబ్బు ఏదో చీటీ మీద రాయకూడదన్నారు. ఆ అధికారి ఈలోపు బతికున్నాడా అన్నది వేరే సంగతి. ఈ సస్పెన్సును ఇంతవరకు ఏ దర్శకుడూ వాడుకోలేదు.

వైద్యంలో అసలు సూత్రం మూడు మాటల్లో ఉంది: దగ్గర్లో, త్వరగా, తిరిగి వెళ్తావన్న నమ్మకంతో. అమెరికన్ డాక్టర్ థామస్ సాల్మన్ ఫ్రెంచి, బ్రిటిష్ పద్ధతులు చూసి దీన్ని తమ సైన్యానికి అమర్చాడు. ఫిరంగుల మోత వినబడేంత దూరంలోనే గుడారం. నిద్ర, వేడి తిండి, స్నానం, శుభ్రమైన బట్టలు. రోగి అని పిలవకూడదు. కొద్ది రోజుల్లో మళ్లీ పంపేయాలి. బావి మోటారు కాలితే పొలం గట్టునే రీవైండింగ్ చేసి, అదే బావిలోకి, అదే ఓల్టేజీ మీదికి దించడం లాంటిది. కాలడానికి కారణమైన కరెంటును ఎవరూ ప్రశ్నించరు, మెకానిక్కుకు మాత్రం మంచి పేరు. నిజానికి ఈ పద్ధతిలో మేలూ ఉంది. దూరంగా పెద్దాస్పత్రికి పంపినవాడు తాను పూర్తిగా పనికిరానివాణ్నని నమ్మి ఇంకా కుంగిపోయిన సందర్భాలు ఉన్నాయి. చిక్కల్లా లెక్కల్లో. 'డ్యూటీకి తిరిగి వెళ్లారు' అన్న అంకెలో మళ్లీ ట్రెంచికి పోయినవాడూ, వెనకాల రోడ్లు వేయడానికి పోయినవాడూ ఒకటే. మళ్లీ పడిపోయినవాడు ఇంకో గుడారంలో కొత్త రోగి.

రెండో ప్రపంచయుద్ధం తీయాలనుకునేవారికి చెంపదెబ్బ ఉచితం. 1943 ఆగస్టులో సిసిలీలో అమెరికన్ జనరల్ పాటన్ ఆస్పత్రి గుడారాల్లో ఇద్దరు సిపాయిలను కొట్టాడు, వారం తేడాతో. మొదటివాడికి తర్వాత పరీక్ష చేస్తే మలేరియా. 1970 నాటి పాటన్ సినిమాలో రెండు దెబ్బలను ఒకటి చేశారు, పొదుపు మంచిదే. డాక్టర్లు మాత్రం పక్కన నిలబడి చూస్తుంటారు. జరిగింది వేరు. ఆస్పత్రి డాక్టర్లు రిపోర్టు రాశారు. అది పాటన్ కింద పనిచేసే జనరల్ బ్రాడ్లీకి చేరితే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. డాక్టర్లు ఊరుకోక వైద్యశాఖ దారిలో ఇంకో ప్రతి పంపితే పాటన్ పైఅధికారి ఐసెన్‌హోవర్ చేతికి చేరింది, పాటన్ క్షమాపణలు చెప్పాల్సివచ్చింది. ఈ మొత్తం యుద్ధవైద్య చరిత్రలో డాక్టరు రోగి పక్షాన సైన్యం మీదికి వెళ్లిన అరుదైన ఘట్టం అది. కానీ కాగితం రాసే సీనుకు థియేటర్లో ఈలలు పడవు, వదిలేయడమే మంచిది.

హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ మాత్రం సలహాలు వినని మనిషి. సైన్యమే డబ్బిచ్చి, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని మేసన్ జనరల్ హాస్పిటల్‌లో సినిమా తీయమంటే, 'లెట్ దేర్ బి లైట్' పేరుతో అసలు రోగులను అసలు ఏడుపులతో తీశాడు. సోడియం అమైటాల్ అనే మత్తుమందు సూది వేయగానే నడవలేనివాడు లేచి నడుస్తాడు, నత్తివాడు నాకు మాటొచ్చిందని అరుస్తాడు, చివర్లో అందరూ బేస్‌బాల్ ఆడి బస్సెక్కి ఇంటికి పోతారు. సైన్యం కోరుకున్నదీ అలాంటి ముగింపే. అయినా 1946లో ప్రదర్శన వేళకు మిలిటరీ పోలీసులు రీళ్లు పట్టుకుపోయారు. రోగుల పరువు కోసమన్నారు. రోగులు సంతకం పెట్టిన అంగీకార పత్రాలేవంటే, పోయాయన్నారు. నల్లజాతి సిపాయిలూ తెల్ల సిపాయిలూ ఒకే వార్డులో కూర్చుని ఏడ్చిన ఆ సినిమాకు బదులు, సైన్యం తెల్ల నటులను పెట్టి ఇంకోటి తీయించింది. హ్యూస్టన్ సినిమాకు 1980 చివర్లో విముక్తి దొరికింది. అమెరికన్ మనోవైద్యులు ఈ జబ్బుకు పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక వ్యాధి) అని తమ జబ్బుల పుస్తకంలో చోటిచ్చింది కూడా ఆ ఏడే. సినిమాకూ జబ్బుకూ ఒకేసారి సెన్సార్ సర్టిఫికెట్ దొరకడం బహుశా అదే మొదలు.

భారతీయ సిపాయిల సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. మొదటి యుద్ధంలో పది లక్షలకు పైగా విదేశాలకు వెళ్లారు. బ్రైటన్‌లో రాజుగారి పెవిలియన్‌నే ఆస్పత్రి చేసి, గుమ్మటాల కింద మంచాలు వేసి ఫోటోలు తీయించారు. అధికారులకు అప్పుడు పట్టుకున్న అనుమానం వణుకు గురించి కాదు. యుద్ధం తప్పించుకోవడానికి వీళ్లు తమ చేతులను తామే తుపాకీతో కాల్చుకుని వచ్చారా అని. కిచెనర్ ఆస్పత్రిలో కల్నల్ బ్రూస్ సీటన్ వెయ్యి గాయాలు పరీక్షించి, ఆ అనుమానానికి ఆధారం లేదని 1915లో రాశాడు. కాబట్టి మనవాళ్లతో తీయాలంటే గాయం చూపించండి చాలు. గుమ్మటాల సెట్టింగుకే బడ్జెట్టంతా పోతుంది, మనసు దాకా పోతే మిగలదు.

చివరగా రెండో భాగం మాట. ధైర్యసాహసాలు చూపలేదని, పారిపోయారని తెల్లవారుజామున కట్టేసి కాల్చి చంపిన బ్రిటిష్ పక్షపు సిపాయిల్లో 306 మందికి 2006లో క్షమాభిక్ష ఇచ్చారు. వాళ్లలో ఎందరికి షెల్ షాక్ ఉందో చూడ్డానికి డాక్టరు దొరకలేదు, దొరికినచోట టైం దొరకలేదు. బతికి మిగిలిన షెల్ షాక్ రోగులు ఇళ్లకొచ్చి, పెన్షను బోర్డుల ముందు వరుసలో నిలబడ్డారు. అక్కడి డాక్టరు బల్లకు అవతల కూర్చుని, ఈ వణుకు ఎంత శాతం అని లెక్క కడతాడు. వచ్చే ఏడాది మళ్లీ పిలిచి, తగ్గిందేమోనని మళ్లీ కడతాడు. ఒకే గది, ఒకే బల్ల, కరెంటు ఖర్చు కూడా లేదు. అయినా దీనికి ఫైనాన్షియర్ దొరకడు. అడిగి చూడండి, ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందయ్యా అంటాడు.