రెండే రెండు చుక్కలు వెయ్యండి మేడమ్

"రెండే రెండు చుక్కలు మేడమ్, పదిహేను రోజుల్లో ఫేస్ మొత్తం ఈవెన్ అయిపోద్ది" అంటూ రింగ్ లైట్ ముందు కూర్చున్నావిడ ఎసెన్షియల్ ఆయిల్ (మొక్కల్లోంచి తీసే ఘాటు వాసన నూనె) డ్రాపర్ పైకెత్తి చూపిస్తది చూడండి, ఫిల్టర్ దెబ్బకి ఆవిడ ముక్కు ఎప్పుడో కరిగిపోయింది, మిగిలిన రెండు రంధ్రాలతోనే పాపం నెట్టుకొస్తోంది, అలాంటి మనిషి మన చర్మం గురించి చెప్తుంటే కింద జనం వరసపెట్టి "ప్రైస్ ప్లీజ్", "డీఎం మీ" అని క్యూ కడతారు.

నాకో డౌటు. నుదురు ఒక రంగు, చెంపలు ఇంకో రంగు ఉన్నాయనుకోండి, రెండూ సమానం చెయ్యడానికి దారులు రెండు. తెల్లగా ఉన్న చోటుని కూడా కాస్త నల్లబరిస్తే సరిపోద్ది, నాలుగు రోజులు మిద్దె మీద వడియాలు పెట్టమంటే పైసా ఖర్చు లేకుండా అంతా ఒకటే రంగు. ఈ సులువైన దారి ఏ సీసా వాళ్ళూ చెప్పరేంటి? ఆ తక్కెడ ఎప్పుడు చూసినా ఒక్క వైపుకే ఎందుకు మొగ్గుతదో ఎవరైనా అడిగారా? అడగరు, ఎందుకంటే మనందరికీ తెలుసు.

సరే, సైన్సు మాట్లాడదాం, వాళ్ళు కూడా సైన్సే మాట్లాడుతున్నారు కాబట్టి. నిమ్మ ఎసెన్షియల్ ఆయిల్‌లో విటమిన్ సి దండిగా ఉంటదంట. విటమిన్ సి నీళ్ళలో కరిగే సరుకండీ, నూనెలోకి రాదు, అది రసంలోనే ఉండిపోద్ది, మీ సీసాలో ఉన్నది తొక్క పిండితే వచ్చిన నూనె. చిన్నప్పుడు కమలాఫలం తొక్క తమ్ముడి కళ్ళల్లోకి పిండి పారిపోయేవాళ్ళం గుర్తుందా, వాడు బేర్‌మని ఏడ్చేవాడు, ఆ చిమ్మిందే సిట్రస్ ఎసెన్షియల్ ఆయిల్. ఇప్పుడు అదే మనం డబ్బులిచ్చి కొని మన ముఖానికే రాసుకుంటున్నాం, తమ్ముడి శాపం ఊరికే పోద్దా మరి. పసుపు ఆయిల్ ఇంకో అద్భుతం. "కర్క్యుమిన్ పవర్" అని లేబుల్ మీద ఎంతలేసి అక్షరాలు! ఆవిరి పట్టి నూనె తీసేటప్పుడు, పసుపుకి ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ ఆవిరితో పైకి లేవదు, అడుగున పిప్పిలోనే కూర్చుంటది. అంటే వీళ్ళు అమ్మేది పసుపు వాసన, పవర్ మాత్రం పిప్పితో పాటు పెంటకుప్ప మీద పారేశారు. ఇక గులాబీ. కిలో రోజ్ ఆయిల్ రావాలంటే మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి, లెక్కేస్తే పది ఎంఎల్ సీసాకి పాతిక కిలోలకి తగ్గదు. వీళ్ళేమో 299కి ఇస్తారు, పైగా ఒక రోలర్ ఫ్రీ. ఓసారి హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్ళి 299కి పాతిక కిలోల గులాబీలు ఇమ్మని అడిగి చూడండి, వెనక్కి వస్తే ఏమన్నారో నాకూ చెప్పండి.

కానీ ఇవన్నీ డబ్బు మాత్రమే పోయే వ్యవహారాలు. ఒళ్ళు పోయేది వేరే ఉంది.

మొన్న మే నెలలో మా పిన్ని వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి. విజయవాడ దగ్గర రిసార్టు, పెళ్ళికి రెండు రోజుల ముందు హల్దీ, నలుగు అంటే ఇప్పుడు ఎవరూ రారు కదా. మా అమ్మమ్మ నలుగుపిండి స్టీలు డబ్బాలో పట్టించుకుని మరీ తెచ్చింది. ఇంతలో పార్లర్ నుంచి ఒక అరోమా ఎక్స్‌పర్ట్ దిగింది, మెళ్ళో బ్యాడ్జ్, చేతిలో చిన్న సూట్‌కేసు. డబ్బా మూత తీసి చూసి "ఇది చాలా హార్ష్ అమ్మమ్మా, బ్రైడ్‌ది సెన్సిటివ్ స్కిన్" అని పక్కన పెట్టేసి, బాదం నూనెలో నిమ్మ, లైమ్, బెర్గమాట్ (అదీ నిమ్మజాతి కాయే) ఆయిల్స్ కలపడం మొదలెట్టింది. సువాసన ద్రవ్యాల వాళ్ళకే ఇఫ్రా అని ఒక అంతర్జాతీయ సంఘం ఉంది, ఎండ తగిలే చర్మం మీద వదిలేసేవాటిలో బెర్గమాట్ 0.4 శాతం దాటకూడదంటది, 30 ఎంఎల్‌కి కరెక్టుగా ఆ రెండు చుక్కలే. ఈవిడ మాత్రం ఆ ఒక్క రోజే రెండు చుక్కల సంగతి మర్చిపోయింది, పెళ్ళికూతురు కదా అని ఉదారంగా సీసా వంచేసింది. ఆ నూనెల్లో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అనే రసాయనాలు చర్మం మీద ఎండ పడగానే కాల్చేస్తాయి. టైమెంత? పదకొండున్నర. బెజవాడ, మే, పదకొండున్నర. ఫోటోగ్రాఫర్‌కి నాచురల్ లైట్ కావాలంట, షామియానా తీయించేశాడు.

ఇక చూడండి, ఒక్కో ముత్తయిదువ వస్తది, నాలుగు వేళ్ళు నూనెలో ముంచుద్ది, చెంప మీంచి గడ్డం దాకా రాస్తది, ఫోటోగ్రాఫర్ "ఆంటీ ఇంకోసారి, స్లో మోషన్‌లో" అంటాడు, ఆంటీ మళ్ళీ ముంచుద్ది, పైన డ్రోన్ తిరుగుతుంటది, డీజే ఏదో పాట మధ్యలో ఆపి మళ్ళీ మొదట్నుంచి వేస్తాడు, మూడో ఆంటీకి కొంగు అడ్డొచ్చిందని రీటేక్, అయిదో ఆంటీ నవ్వలేదని రీటేక్, గంటన్నర ఆ పిల్ల ఎండలో పీట మీద నూనె ఓడుతూ కూర్చుంది. సాయంత్రానికి బుగ్గలు ఎర్రబడ్డాయి, అందరూ "గ్లో వచ్చేసింది" అన్నారు. ఈ కాలుడు వెంటనే బయటపడదు, ఒకట్రెండు రోజులు తీసుకుంటది, కాబట్టి ముహూర్తం పెట్టినట్టు సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి బొబ్బలు లేచాయి. వారం తిరిగేసరికి బొబ్బలు పోయి గోధుమరంగు చారలు మిగిలాయి, ఎలాంటి చారలు, ముత్తయిదువల వేళ్ళు! ఆధార్ సెంటర్‌లో కూడా అంత క్లియర్‌గా పడవు. కుడి చెంప మీద ఉంగరం జరిగిన గ్యాపుతో సహా మా పెద్దత్తయ్యది, మెడ దగ్గర కొంచెం వంకరగా ఉన్నది రీటేక్ ఆంటీది.

ఫోన్ చేస్తే ఆ ఎక్స్‌పర్ట్ ఏమందో తెలుసా? "లోపలి టాక్సిన్స్ బయటికొస్తున్నాయి ఆంటీ, ఆపొద్దు, కంటిన్యూ చెయ్యండి." ఆ టాక్సిన్స్ మా పెద్దత్తయ్య వేళ్ళ సైజు కనుక్కుని మరీ బయటికొచ్చాయన్నమాట.

తర్వాత కథ మీకు తెలిసిందే. మెడికల్ షాపు కుర్రాడు ఒక ట్యూబు ఇచ్చాడు, అందులో స్టెరాయిడ్ ఉంటది, పది రోజులు ముఖం పాలరాయిలా మెరుస్తది, మానెయ్యగానే మంటలు, ఎర్రదనం, నెలలకొద్దీ వాడితే చర్మం పల్చబడి కింద రక్తనాళాలు కనిపిస్తాయి. ఇలాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం చెప్పింది. చీటీ అడిగే షాపు మీ వీధిలో ఉంటే ఫోటో తీసి దాచుకోండి.

అసలు ఆ పిల్లకి ఏం తక్కువైందని ఇదంతా? చక్కటి చామనచాయ, మా తాతయ్యది, మా అందరిదీ అదే రంగు. పెళ్ళిచూపుల్లో మా పిన్ని చేసిన గారెలు తింటూ ఆ పెళ్ళికొడుకు మేనత్త "అమ్మాయి కాస్త రంగు తక్కువ, పోన్లే, కళగానే ఉంది" అంది. గారె తినేసి వెళ్ళిపోయింది ఆవిడ. ఆ ఒక్క మాటకి ఈ పిల్ల ఆర్నెల్లు అద్దం ముందు కూర్చుని లేని మచ్చలు వెతుక్కుంది. సిగ్గుండాలి మనకి. కడుపుతో ఉంటే పుట్టేది తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు పాలు తాగిస్తారు, పురుడయ్యాక తల్లి ముఖాన మంగు వస్తే నిమ్మనూనె రాయమంటారు, మన చర్మం మొటిమ గిల్లినా నెల్ల తరబడి మచ్చ పెట్టుకునే రకం, దానిమీద మంట పుట్టించేది రాసి తెల్లబడమనడం ఎంత దుర్మార్గమండీ? మంగుకి ముందు ఎండ తగలకుండా చూసుకోవాలి, సన్‌స్క్రీన్ రాసుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఇది చెప్తే లైకులు రావు కాబట్టి ఎవరూ చెప్పరు.

ఈవెన్ స్కిన్ టోన్ నిజంగా సాధించింది ఒక్కడే, పెళ్ళి ఆల్బమ్ ఎడిటర్, పేజీకింత అని విడిగా బిల్లేశాడు. మిగిలిన సీసాలు ఏం చేశారని నిన్న పిన్నిని అడిగా. "అంత డబ్బు పోసి కొన్నాం కదరా, ఫ్రిజ్‌లో పెట్టా, చిన్నదానికి పనికొస్తాయి" అంది. చిన్నది ఇప్పుడు పదో తరగతి. ఆ ఇంటి వైపు వెళ్ళే చుట్టాలు ఎవరైనా ఇది చదువుతుంటే, మంచినీళ్ళ బాటిల్ కోసమని ఫ్రిజ్ తెరిచి వాటిని తీసుకెళ్ళి సింకులో పారబొయ్యండి, పిన్ని తిడితే నా పేరు చెప్పండి.