పాసయ్యావా అని అడక్కండి

విదేశీ చదువులకు, వీసాలకు ఇంగ్లిష్ ఎంత వచ్చో కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాసొచ్చిన పిల్లల్ని ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది ‘పాసయ్యావా?’ అనే. నిజానికి ఆ పరీక్షలో పాస్, ఫెయిల్ అనేవి లేవు. 0 నుంచి 9 దాకా బ్యాండ్లనే స్కోర్లు, మధ్యలో అర బ్యాండ్లు, అంతే. 6.5 చాలా, 7 కావాలా అన్నది యూనివర్సిటీయో, వీసా ఇచ్చే ప్రభుత్వమో నిర్ణయించుకునే కటాఫ్. ఈ తేడా మన ఇళ్లకు చేరలేదు. అందుకే 6.5 వచ్చిన పిల్లలు తప్పు చేసినట్టు తల దించుకుంటున్నారు.

ఒక లెక్క చూడండి. లిజనింగ్‌లో 7.5, రీడింగ్‌లో 7, రైటింగ్‌లో 6, స్పీకింగ్‌లో 6.5 వస్తే సగటు 6.75. దాన్ని పైకి సవరించి ఓవరాల్ 7 ఇస్తారు. మిగతావన్నీ అలాగే ఉండి రైటింగ్ ఒక్కటే 5.5 అయితే సగటు 6.625, ఓవరాల్ 6.5. అంటే గంటలో రాసిన రెండు జవాబుల మీద ఎగ్జామినర్ ఇచ్చిన అర బ్యాండ్ తేడాతో సీటే చేజారిపోవచ్చు. ఏ స్కోరైనా కాస్త అటూ ఇటూ ఉంటుందని పరీక్ష పెట్టేవాళ్లకు బాగా తెలుసు, తమ సాంకేతిక నివేదికల్లో రాస్తారు కూడా. అప్పు చేసి ఫీజు కట్టే తండ్రికి మాత్రం ఆ మాట ఎవరూ చెప్పరు.

చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే పుకార్లే పాఠాలవుతాయి. బ్రిటిష్ యాస లేకపోతే మార్కులు రావని ఒకరు, జవాబులు బట్టీపడితే చాలని ఇంకొకరు. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. అందులో ఉచ్చారణకు నాలుగో వంతు మార్కులుంటాయి, అవి కూడా ప్రధానంగా మాట స్పష్టంగా అర్థమవుతోందా లేదా అన్నదాన్ని బట్టి. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు. బట్టీపట్టిన జవాబును మాత్రం ఎగ్జామినర్ ఇట్టే పసిగడతారు.

బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జ్ అనే మూడు సంస్థలు కలిసి నడిపే పరీక్ష ఇది. తెలుగు రాష్ట్రాల నుంచి అభ్యర్థులకు కొదవ లేదు. ఫీజు కట్టేముందే పై లెక్కను తెలుగులో ఒక్క పేజీలో తల్లిదండ్రుల ముందు పెట్టడం ఆ సంస్థల బాధ్యత అని నా గట్టి అభిప్రాయం. స్కోరు మీద అనుమానముంటే డబ్బు కట్టి మళ్లీ దిద్దించుకోవచ్చు, స్కోరు పెరిగితే ఆ డబ్బు తిరిగిస్తారు. ఆ పేజీలో పెద్ద అక్షరాలతో వేయాల్సింది ఈ సంగతే.