దొంగగారు ఏ దారిన వచ్చారో ముందు కనుక్కోండి

విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌కి మొన్న ఆదివారం అత్యవసర సమావేశం జరిగింది. పక్క వీధిలో దొంగలు పడ్డారు. మెయింటెనెన్స్ లెక్కలు చెప్తాం రండి అంటే ఏడుగురు వచ్చిన చరిత్ర మాది. దొంగను ఎలా కొట్టాలి అనేసరికి కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు.

302లో ఉండే ఆయన లేచి, "నా ఇంట్లోకి వచ్చిన దొంగను చంపుకునే హక్కు కూడా నాకు లేదా?" అని అడిగాడు. ఆయనకి తన ఫ్లాట్ నంబరంటే మహా అభిమానం. 2024 జులై 1న ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చి, హత్య సెక్షన్ 302 నుంచి 103కి మారిపోయిన దగ్గర్నుంచీ మనిషి కాస్త డీలా పడ్డాడు. మా 103లో ఉండేది హోమియో డాక్టరు గారు. ఆ హోదా ఆయనకేం అక్కర్లేదు.

కార్యదర్శిని కాబట్టి చట్టం తెచ్చి చదివే పని నా మీద పడింది. చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. దొంగల భయంతో కాదు.

ఆత్మరక్షణ హక్కు ఉంది. సంహితలో 34 నుంచి 44 దాకా పదకొండు సెక్షన్లు దీనికే కేటాయించారు. పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106. వీటి మూలం 1837లో మెకాలే దొర బృందం రాసిన శిక్షాస్మృతి ముసాయిదా. ఇక్కడి జనంలో కాస్త పౌరుషం రగిలించాలే తప్ప ఆత్మరక్షణకి మరీ పగ్గాలు వేయకూడదని ఆ దొరలు రాసుకున్నారు. పాపం, వాళ్లు మా 302 గారిని చూడలేదు.

ఆస్తి కాపాడుకునే క్రమంలో ప్రాణం తీసినా నేరం కాని సందర్భాలు 41వ సెక్షన్‌లో ఉన్నాయి. దోపిడీ ఒకటి. ఇంటికి నిప్పు పెట్టడం ఒకటి. చావో, తీవ్ర గాయమో తప్పదన్న సహేతుకమైన భయం పుట్టించే దొంగతనం ఒకటి. మనకి ముఖ్యమైనది ఇంకొకటి: సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంటికి కన్నం వేయడం. కాబట్టి మంచం పక్కన కర్ర కంటే ముందు పంచాంగం పెట్టుకోవాలి. ఆ రోజు సూర్యోదయం 5:52కి అనుకోండి. 5:50కి కిటికీ ఊచలు వంచిన దొంగకీ, దారిలో టీ తాగి 5:55కి వచ్చిన దొంగకీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. రెండోవాడి ప్రాణం ఖరీదు ఆ అయిదు నిమిషాల్లో పెరిగిపోయింది.

టైమ్ కుదిరితే సరిపోదు, దారి కూడా కుదరాలి. కన్నం అంటే ఏమిటో చట్టం ఆరు రకాలుగా చెప్పి, ఉదాహరణలు కూడా ఇచ్చింది. గోడకి చిల్లు పెట్టి చెయ్యి మాత్రమే లోపలికి పెట్టినా కన్నమే. కిటికీలోంచి దూరినా, గోడెక్కి దిగినా కన్నమే. తలుపు సందులోంచి తీగ పెట్టి గడియ ఎత్తినా, మీరు పారేసుకున్న తాళంచెవి దొరికి దాంతో తలుపు తీసి వచ్చినా కన్నమే. ఉక్కపోతగా ఉందని మీరే తలుపు బార్లా తీసి పడుకుంటే, అందులోంచి చుట్టంలా నడిచి వచ్చినవాడు మాత్రం కన్నం వేసినవాడు కాడు, వట్టి అక్రమ ప్రవేశం. అందుకని రాత్రి రెండింటికి హాల్లో నీడ కనబడగానే మీద పడకండి. "బాబూ, తమరు పిట్టగోడ దూకి వేంచేశారా, తీసిన తలుపులోంచా?" అని మర్యాదగా అడగండి. జవాబు చెప్పకుండా కత్తి తీశాడా, ఇక అడగనక్కర్లేదు. ప్రాణభయం వచ్చేసింది. మీ ఒంటిని కాపాడుకునే హక్కు వేరే సెక్షన్‌లో సిద్ధంగా ఉంది.

ఈ లెక్కలోకి రాని దొంగలకి ప్రాణం తప్ప మిగతా హాని చేయొచ్చు, అదీ అవసరమైనంతే. పన్ను విరగడం చట్టంలో తీవ్ర గాయం. ఒక పన్ను ఊడగానే పారిపోయే దొంగకి రెండో పన్ను ఎందుకు రాలగొట్టారన్నది మీరు తర్వాత చెప్పుకోవాల్సిన సంగతి. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు కాబట్టి, ఒక చేత్తో 112 నొక్కుతూ రెండో చేత్తో పళ్లు లెక్కపెట్టాలి.

కోర్టులు ఇంత చాదస్తంగా లేవని కూడా చెప్పాలి. దాడిలో ఉన్న మనిషి వాడిన బలాన్ని బంగారు త్రాసులో తూచకూడదని జైదేవ్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అడుగడుక్కీ లెక్క కట్టి కొట్టమనడం కుదరదని 2010లో దర్శన్ సింగ్ కేసులోనూ అంది. కాకపోతే ఆ మాట మన చెవిన పడాలంటే ముందు మనం ముద్దాయి కావాలి. మీ ఇల్లు, మీ హాలు, మీ దొంగ. ఆత్మరక్షణే అని చూపించుకోవాల్సింది మాత్రం మీరే.

ఆయుధాల విషయంలో సర్కారు ఉదారంగానే ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం లాఠీని, చేతికర్రను గృహోపకరణాల్లో జమకట్టి వదిలేసింది. ఈ లెక్కన రోకలికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించాను. "రోకలి ఎవరింట్లో ఉందండీ ఇప్పుడు? మిక్సీ జార్‌తో కొడతారా?" అని మా ఆవిడ అడిగింది. దాన్ని మినిట్స్‌లో రాయలేదు.

టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది వీడియో కాల్‌లోకి వచ్చి, తమ దగ్గర రాత్రిపూట వట్టి దొంగతనానికి కూడా కాల్చొచ్చని చెప్పాడు. దానికీ షరతులున్నాయని చెప్పబోయేలోపు మావాళ్లు చప్పట్లు కొట్టేశారు.

తర్వాత తీర్మానాలు. సభ్యులు రాసిచ్చిన చీటీలు పదకొండు. విప్పి చూస్తే దొంగ ఇంట్లో ఉండగా ఏం చేయాలన్నది ఒక్కదాంట్లోనే ఉంది: గదిలో దూరి గడియ పెట్టుకుని కేకలు వేయాలని. మిగతా పదీ దొంగ దొరికాక ఏం చేయాలన్నవే. ఏ స్తంభానికి కట్టాలి, ఎవరు ముందు కొట్టాలి, వీడియో ఎవరు తీయాలి.

స్తంభం అన్న మాట కోసం సంహితలోని 358 సెక్షన్లూ తిరగేశాను. లేదు. కన్నం వేసిన దొంగ మీద హక్కు వాడు ఇంట్లో ఉన్నంతవరకే అని 43వ సెక్షన్ అంటోంది. చేతులు కట్టేసిన మనిషి నుంచి దేన్ని రక్షించుకుంటున్నామో ఏ సెక్షనూ చెప్పలేదు. పైగా అయిదుగురు చేరి ఒకే ఉద్దేశంతో కొడితే, నేను ఒక్క దెబ్బే వేశానన్నవాడి మీదకి కూడా మొత్తం నేరం వస్తుంది. ఇది చదివి వినిపిస్తే 302 గారు, "అంటే మీరు దొంగల పక్షమా?" అన్నాడు.

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒకణ్ణి వేపచెట్టుకి కట్టేశారు. ఎవరి పెరట్లోనో ఇత్తడి బిందె ఎత్తుకుపోతూ దొరికాడు. బిందె పోయిన ముసలమ్మ బిందె తీసుకుని ఇంటికెళ్లిపోయింది. ఏమీ పోనివాళ్లే మధ్యాహ్నం దాకా వంతులవారీగా కొట్టారు. నాకు పదేళ్లు. నేనూ ఒక రాయి వేశాను. అది తగిలింది. ఆత్మరక్షణ అంటే అదే అనుకున్నాను.

పోయినేడు మా పిట్టగోడ దూకుతూ దొరికింది 204 వాళ్లబ్బాయి, సెకండ్ షో నుంచి వస్తూ. వాచ్‌మన్ గొంతు గుర్తుపట్టాడు కాబట్టి రెండు దెబ్బలతో ఆగింది. ఈ సంగతి సభలో ఎత్తితే ఆ అబ్బాయి తండ్రే, "అది వేరు, ఇది వేరు" అన్నాడు.

ఊరెళ్లేటప్పుడు ముందే చెబితే ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి నిఘా ఉంచుతారనీ, దానికోసం యాప్ ఉందనీ చివర్లో చెప్పాను. అందులో కొట్టడం లేదు కాబట్టి ఎవరికీ ఆసక్తి కలగలేదు.

ఆత్మరక్షణ నిధి కింద ఫ్లాటుకి 100 రూపాయలు వసూలు చేయాలని తీర్మానించారు. కొనాల్సినవి రెండు: విరిగిపోయిన వెనక గేటుకి గడియ, ఇరవై మీటర్ల నైలాన్ తాడు. గడియకి మూడు కొటేషన్లు తెప్పించాలని వాయిదా వేశారు. తాడు మాత్రం 302 గారు ఆ సాయంత్రమే తెచ్చేశారు. బిల్లు నా దగ్గర ఉంది.