ఫోల్డర్ ఒక్కటి కదలకపోతే ఫార్మాటేనా?

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో ఒక డీటీపీ షాపులో ఈ మధ్య చూసిన సంగతి. గడువు తీరిన యాంటీవైరస్‌ను యజమాని కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసి మూడు వారాలైనా, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దాని ఫోల్డర్ అలాగే ఉంది. ఆయన అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనే ఉన్నా, డిలీట్ నొక్కితే అనుమతి లేదనే సమాధానమే వస్తోంది. పిలిపించిన మెకానిక్ చూసి, ఫార్మాట్ కొట్టేద్దాం అన్నాడు. ఆ కంప్యూటర్‌లో తెలుగు పనికి అను ఫాంట్లు, ఒడియా పనికి ఆకృతి, పాతపట్నం వైపు నుంచీ గుణుపురం వైపు నుంచీ వచ్చిన శుభలేఖల పాత ఫైళ్లు ఉన్నాయి. ఒక్క ఫోల్డర్ కోసం వాటన్నిటినీ తుడిచేయడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఈ మొండితనం లోపం వల్ల వచ్చింది కాదు, కావాలని పెట్టిందే. వైరస్ చేసే తొలి పనుల్లో ఒకటి కాపలాదారును పడగొట్టడం కాబట్టి, యాంటీవైరస్ తన ఫైళ్ల మీదికి వచ్చే ప్రతి డిలీట్ ఆదేశాన్నీ విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని గుండెకాయలో, కూర్చున్న డ్రైవర్ అనే తన చిన్న ప్రోగ్రామ్ ద్వారా మధ్యలోనే అడ్డుకుంటుంది. ఆ ఆదేశం ఇచ్చింది దొంగా, యజమానా అన్నది దానికి పట్టదు. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు కూడా నడుస్తున్న డ్రైవర్‌ను అప్పటికప్పుడు చెరపడం కుదరదు గనుక, తరువాతి రీస్టార్ట్‌లో తొలగించవలసిన ఫైళ్ల పేర్లను విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసిపెట్టి ఊరుకుంటుంది.

మన షాపుల్లో చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. రాత్రి షట్ డౌన్ చేసి పొద్దున ఆన్ చేయడం మన అలవాటు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్నప్పుడు షట్ డౌన్ నొక్కినా కెర్నెల్ పూర్తిగా ఆగదు. దాని స్థితి డిస్క్ మీద భద్రమై, పొద్దున అక్కడినుంచే లేస్తుంది. రీస్టార్ట్ అనే మీట నొక్కేదాకా ఆ జాబితాను చదివేవారే ఉండరు. రోజూ ఆపి ఆన్ చేస్తూనే ఉన్నామని ఆ యజమాని చెప్పిన మాట నిజమే, కానీ అది చాలలేదు.

రీస్టార్ట్ తరువాత కూడా మిగిలితే, ఆ కంపెనీయే ఉచితంగా ఇచ్చే రిమూవల్ టూల్‌ను దాని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకుని, సేఫ్ మోడ్‌లో (విండోస్ తప్పనిసరి భాగాలతో మాత్రమే లేచే పద్ధతి) నడపాలి. సేఫ్ మోడ్‌లో బయటి డ్రైవర్లు చాలావరకు లేవవు కాబట్టి అడ్డు తొలగుతుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే, దాన్ని తెరిచే రికవరీ కీ ముందే దగ్గర పెట్టుకోవాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయినప్పుడు, చెరపవలసింది ఒకే ఒక్క ఫైలు అయినా, ఆ కీ చేతిలో లేక పెద్ద పెద్ద సంస్థలే అవస్థ పడ్డాయి.

ఫైలు యాజమాన్యాన్ని మన పేరిట లాక్కుని, అనుమతులు మార్చి, డ్రైవర్ ఫైలును బలవంతంగా చెరిపే చిట్కాలంటే మాత్రం నాకు భయం. ఫైలు పోయినా రిజిస్ట్రీలో దాని పేరు ఫిల్టర్‌గా, అంటే ఏదో ఒక పరికరానికీ విండోస్‌కూ మధ్య నిలబడేదిగా, మిగిలితే, ఆ పేరు కీబోర్డుకు తగిలించి ఉంటే కీబోర్డు, డిస్క్‌కు తగిలించి ఉంటే విండోసే లేవకపోవచ్చు. అలాగే ఏ యాంటీవైరస్ కాపలాలో ఉందో విండోస్ చూసుకునే సెక్యూరిటీ సెంటర్‌లో పాత యాంటీవైరస్ నమోదు మిగిలిపోతే, కాపలా ఇంకా ఉందనుకుని విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పక్కకు తప్పుకునే ఉంటుంది. కంటికి కనబడే ఫోల్డర్ కన్నా ఈ కనబడని మిగులే ప్రమాదం.

అమ్మేటప్పుడు ఒక్క క్లిక్‌తో లోపలికి వచ్చేదాన్ని, వెళ్లేటప్పుడు వేరే టూల్ వెతుక్కుని, ఇంగ్లీషులో ఉన్న సూచనలు చదువుకుని సాగనంపాల్సిన పని కొన్నవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదివే ఈ ఊళ్లలో ఆ భారం మరీ ఎక్కువ. రిమూవల్ టూల్ చేసే పనిని అన్‌ఇన్‌స్టాల్‌లోనే కలిపేయడానికి అడ్డేమిటో కంపెనీలే చెప్పాలి.

ఆ షాపులో రీస్టార్ట్‌తో సగానికి పైగా ఫైళ్లు పోయాయి, టూల్‌తో డ్రైవర్లు పోయాయి, డిఫెండర్ తనంతట తాను మేలుకుంది. లాగ్ ఫైళ్ల చిన్న ఫోల్డర్ ఒకటి ఇంకా ఉంది. దాన్ని అలాగే ఉండనిమ్మన్నాను.